సిరిపురంలో డూప్లికేట్ బ్రిడ్జ్: హాలు బాగుంది, తీర్పులు ఇంకా బాగున్నాయి, ఒక్క విషయం తప్ప

విశాఖపట్నం సిరిపురం ప్రాంతంలోని ఒక క్లబ్బులో వారాంతాల్లో జరిగే డూప్లికేట్ బ్రిడ్జ్ (అన్ని బల్లల దగ్గరా అవే పంపకాలతో జోడీలుగా ఆడే పేకాట) పోటీల గురించి అడిగేవారికి ముందుగా చెప్పవలసినవి చెప్పేస్తాను. హాలు చల్లగా ఉంటుంది, కాఫీ ఫరవాలేదు, ఫీజు భారం కాదు. సముద్రపు తేమకు కాగితపు ముక్కలు అతుక్కుని ఒకేసారి రెండు పడిపోవడం ఈ ఊళ్లో ఆడేవారందరికీ అనుభవమే; ఇక్కడ ప్లాస్టిక్ పేకలు వాడుతున్నారు కాబట్టి ఆ గొడవ లేదు. నేను వివరంగా రాయదలచుకున్నది పోటీ నడిపి నియమాల తగవులు తీర్చే డైరెక్టర్ గారి తీర్పుల గురించి.

2017 నాటి నియమావళిలో 9, 42 నియమాల ప్రకారం తప్పు జరగకుండా ఆపడానికి డమ్మీ, అంటే తన ముక్కలు బల్ల మీద పరిచి వాటిని ఆడే పని భాగస్వామి అయిన డిక్లేరర్‌కు వదిలేసినాయన, ప్రయత్నించవచ్చు. 43వ నియమం మాత్రం డమ్మీ ఆటలో పాలుపంచుకోకూడదని, జరిగిపోయిన తప్పును ఆట సాగుతుండగా తానుగా ఎత్తిచూపకూడదని అంటుంది. "లీడ్ మీ చేతిలో ఉందండీ" (ట్రిక్కులో, అంటే నలుగురూ తలా ఒక ముక్క వేసే వంతులో, మొదటి ముక్క మీ చేతి నుంచే రావాలని) అన్న ఒక్క మాట ఈ రెండింటిలో దేని కిందకు వస్తుందన్నదే పేచీ.

నేను డిఫెండర్‌గా, అంటే డిక్లేరర్‌కు ఎదుటి జోడీలో, కూర్చున్న బల్ల దగ్గరే ఇది వచ్చింది. నాలుగు ఆటీన్ల కాంట్రాక్టులో (ఆటీన్లు తురుపుగా పది ట్రిక్కులు గెలుస్తామన్న ఒప్పందం) డిక్లేరర్ తన చేతిలోని డైమండ్ ఆసుతో ట్రిక్కు గెలిచి, తర్వాతి లీడ్ గెలిచిన చేతి నుంచే రావాల్సి ఉండగా, డమ్మీ ముక్కల వైపు చూస్తూ "కళావరు" అన్నారు. డమ్మీగా ఉన్నాయన వెంటనే "చేతిలోనే ఉందండీ" అని అందుకున్నారు. తాను ఇంకా ముక్కను ముట్టుకోలేదు కాబట్టి తప్పు జరగలేదని, తాను దాన్ని ఆపానని ఆయన వాదన. డైరెక్టర్ గారు పుస్తకం తెరిచి 46వ నియమం చూపించారు: కళావరో ఇస్పేటో పేరు మాత్రం చెప్పి ఏ ముక్కో చెప్పకపోతే, అందులో అతి చిన్నదాన్ని అడిగినట్టే లెక్క. మాట నోరు దాటగానే లీడ్ అయిపోయింది కనుక, డమ్మీ అన్నది ఆపడం కాదు, ఎత్తిచూపడం. 55వ నియమం ప్రకారం ఆ లీడ్ ఒప్పుకుంటారా, వెనక్కి తీయిస్తారా అని మమ్మల్ని అడిగారు, మేం ఒప్పుకున్నాం. డమ్మీని మందలించి వదిలేశారు.

ప్రతి ట్రిక్కుకూ ముందుగానే లీడ్ ఎక్కడుందో గుర్తుచేసే డమ్మీల సంగతి ఇంత తేలిక కాదు. తప్పు జరగబోతున్న సూచన కనిపిస్తేనే నోరు విప్పాలని డైరెక్టర్ గారి అభిప్రాయం. ఆ షరతు నియమంలో ఎక్కడా లేదు. అయినా అలా చదవకపోతే 43వ నియమానికి పనే ఉండదు కాబట్టి నేను ఆయన పక్షమే. అయితే ఏది సూచన అన్నది బల్లకో తీరుగా మారకూడదు. ఒకచోట డిక్లేరర్ చూపు చాలన్నారు, మరోచోట చెయ్యి కదలాలన్నారు. ఏది లెక్కో నోటీసు బోర్డు మీద రెండు వాక్యాలు రాసిపెడితే సరిపోతుంది.

లీడ్ చేసిన ఆటీను కాక వేరే రంగు ముక్క వేసిన భాగస్వామిని "ఆటీన్లు లేవా?" అని డిఫెండర్ అడగకూడదని సహాయకుడొకరు అన్నారు. 61వ నియమం అడగనిస్తుంది, కాకపోతే ఆ ప్రశ్న వల్ల తెలిసినదాన్ని భాగస్వామి వాడుకోకూడదు. డైరెక్టర్ గారు వచ్చి సరిదిద్దారు.

నిర్వాహకులు వేరే గడువు పెట్టకపోతే, ఫలితాలు వెలువడ్డాక 30 నిమిషాల దాకా తీర్పుపై అప్పీలు చేసుకోవచ్చు. ఇక్కడ గడువు సంగతి ఎవరూ ప్రకటించరు, ఈలోగా కుర్చీలు సర్దేస్తారు; అభ్యంతరం ఉన్నవారు బల్ల వదలకముందే డైరెక్టర్ గారి చెవిన వేయడం మేలు.