గండికోట – బెలుం – యాగంటి కంకర దోవల సైకిల్ యాత్ర: దోవకు తొమ్మిది మార్కులు, క్యాలెండర్‌కు మూడు

శనివారం పొద్దున జమ్మలమడుగులో మొదలై సోమవారం మధ్యాహ్నానికి యాగంటిలో ముగిసే ఈ గ్రావెల్ సైక్లింగ్ ఛాలెంజ్‌కు మనిషికి 9,500 రూపాయలు తీసుకున్నారు. టెంటు, తిండి, బ్యాగులు మోసే టెంపో, వెంట ఒక మెకానిక్, అన్నీ అందులోనే. సైకిల్ లేనివాళ్లకు అద్దెకిస్తారు, దానికి వేరే. నిర్వాహకులు బెంగళూరు వాళ్లు.

బ్రోషర్ మీద ఎర్రటి ఆకులు రాలుతున్న అడవి బొమ్మ వేసి ‘శరత్కాలపు కొండల్లో’ అని రాశారు. అట్లాంటి చెట్లు మన సీమలో నేనైతే చూడలేదు. ఎర్రమల కొండల్లో ఎర్రగా ఉండేది రాయి. కార్తీకంలో మన గుట్టలు పచ్చగా ఉంటాయి, దోవ పొడుగునా తంగేడు పూసి ఉంటుంది, బస్టాండ్ల కాడ సీతాఫలాల గంపలు ఇంకా కనిపిస్తుంటాయి. ఉన్నదున్నట్టు ఒక ఫొటో తీసి వేసుంటే సరిపోయేది.

నాకు తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. అందుకని ఏ దోవనైనా నేను ముందు రాయిని బట్టి చూస్తాను. ఆ లెక్కన ఈ రూటు గీసినవాళ్లకు దండం పెట్టాలి. మొదటి రోజు గండికోట గుట్ట. తారు రోడ్డు వదిలిపెట్టి పశువుల దోవ పట్టించారు. అక్కడి రాయి క్వార్ట్‌జైట్, గట్టిది, గరుకుది. టైరు జారదు, ఎక్కేటప్పుడు వెనక చక్రం ఊరికే తిరగదు. బరువుగా ఎక్కుతుంటే మేకలు తోలుకుపోతున్న ఒక అవ్వ నిలబడి చూసి, “దుడ్లిచ్చి ఎనుముల దోవన పోతాండారా నాయనా?” అనింది. నిర్వాహకులు తమ బ్రోషర్‌లో వాడుకోదగ్గ మాట అదొక్కటే. పెన్నా లోయ గురించి ఇప్పటికే అందరూ రాశారు, నేను రాయను. టెంట్లు శుభ్రంగా ఉన్నాయి, రాగి సంగటిలోకి నాటుకోడి పులుసు బాగుంది. మరుగుదొడ్లు చాలలేదు, తెల్లారేసరికి పెద్ద వరస.

రెండో రోజే అసలు పరీక్ష. మైలవరం దాటి కొలిమిగుండ్ల వైపు పోయే దోవలో సగం నల్లరేగడి. శుక్రవారం రాత్రి అక్కడ వాన పడింది. ఈశాన్య రుతుపవనాల కాలంలో మనకు వాన పడటం వింతేమీ కాదు, శనగ విత్తేది ఆ పదును చూసుకునే. తడి రేగడిలో సైకిల్ పది గజాలు పోయిందంటే టైరుకూ ఫోర్కుకూ మధ్య మట్టి కూరుకుపోయి చక్రం ఆగిపోతుంది. కర్రపుల్లతో గీకాలి, పది గజాలు తొక్కాలి, మళ్లీ గీకాలి. చివరికి అందరం సైకిళ్లు భుజానేసుకున్నాం. ఆ ఊళ్లో ఏ రైతునడిగినా ఎండెక్కేదాకా ఆగమని చెప్పేవాడు. ఆరు గంటలకే జెండా ఊపారు వీళ్లు. రెండు గంటలు ఆలస్యంగా వదిలుంటే పైన పొర కట్టి ఉండేది, తొక్కుకుంటూ పోయేవాళ్లం. వాన పడితే పోవడానికి వేరే దోవ కూడా వాళ్ల మ్యాప్‌లో లేదు.

అక్కడి నుంచి నాపరాళ్ల గనుల ప్రాంతం. ఇది నా ఇలాకా కాబట్టి కాస్త విస్తరిస్తాను. ఈ సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. సిమెంటు రాయిని పేల్చినట్టు దీన్ని పేల్చరు, పేలిస్తే బండ చిట్లిపోతుంది. పొరను పొరగానే లేపుతారు. పనికిరాని ముక్కలు దోవ పక్కన గుట్టలుగా పడి, లారీల కింద నలిగి, చివరికి అవే రోడ్డవుతాయి. ఏటి గులకరాయికి అంచు ఉండదు. ఈ ముక్కకు నాలుగు వైపులా కత్తి అంచే. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో 200 మైళ్ల గ్రావెల్ పోటీ ఒకటి జరుగుతుంది. అక్కడి ఫ్లింట్ హిల్స్ చెకుముకి రాయి టైర్లను చీరేస్తుందని లోకమంతా చెప్పుకుంటారు. వాళ్లొకసారి కొలిమిగుండ్లకు రావాలి.

ఇక్కడ మెకానిక్‌ను మెచ్చుకోకుండా ఉండలేను. ప్రొద్దుటూరు పిల్లోడు. పొద్దున్నే నా టైరు నొక్కి చూసి, “అన్నా, గాలి నలభై ఐదు పీఎస్ఐ ఉంటే రాయి మీద ఎగురుతాది. ముప్పై రెండు పెట్టు” అన్నాడు. పెట్టాను, రోజంతా నడుము హాయిగా ఉంది. ట్యూబ్ లేని టైర్లలో పోసే సీలెంట్ అనే జిగురు ద్రవం సర్కారు తుమ్మ ముల్లును లెక్కచేయదు, బొక్క దానంతటదే పూడుతుంది. నాపరాయి టైరు పక్కగోడను చీరితే మాత్రం ఆ ద్రవం నిలవదు, బయటికి చిమ్ముతుంది. నా ముందు పోతున్న కర్నూలు డాక్టరుగారికి సరిగ్గా అదే జరిగింది. పిల్లోడు పాత టైరు ముక్కను లోపలి నుంచి అడ్డం పెట్టి, ట్యూబ్ వేసి, పావుగంటలో పంపించాడు. ఆయన ఆ టైరుతోనే యాగంటి దాకా వచ్చారు. ఆ టెంపోలో అందరికంటే జీతం ఎక్కువ ఇవ్వాల్సింది ఆ పిల్లోడికి.

బెలుం చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ప్యాకేజీలో గుహల టిక్కెట్టు ఉంది కదా అని మమ్మల్ని అప్పటికప్పుడే లోపలికి తోలారు. బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో జనం చూడగలిగేది ఒకటిన్నర కిలోమీటరు. లోపల ఉక్క, గాలి బయటి నుంచి పంపాల్సిందే. రేగడి గీకి గీకి వచ్చిన మనుషులను ఆ ఉక్కలో గుహ అడుగున పారే పాతాళగంగ దాకా దింపి ఎక్కించడం ఏం తెలివో! ఇద్దరు మధ్యలోనే వెనక్కి తిరిగారు. దీన్ని మరుసటి రోజు పొద్దున పెట్టుకోవచ్చు. రాత్రి జొన్నరొట్టె, ఊరిబిండి తిన్నాక కోపం కాస్త తగ్గింది.

మూడో రోజు ఉగ్గాని బజ్జి తిని బయల్దేరాం. అవుకు రిజర్వాయర్ పక్కన, గుట్టల అంచున, గట్టిపడిన గరుసు దోవ. గాలి వెనక నుంచి, ఎండ మెత్తగా, లారీ లేదు, కుక్క లేదు. మొత్తం యాత్రలో డబ్బు గిట్టింది అనిపించిన ముక్క ఇదే. బనగానపల్లె దాటాక ఆ సుఖం ముగిసింది. ఎందుకంటే ఆ రోజు కార్తీక సోమవారం, మేం పోయేది శివుడి గుడికి. బస్సులు, ఆటోలు, ట్రాక్టర్ల నిండా జనం. కాలు కింద పెట్టకుండా వంద గజాలు తొక్కిందే గొప్ప. ఫినిష్ బ్యానర్‌ను పార్కింగ్ కాడనే ఆపేశారు. మెడల్స్ పంచింది ఒక సోడా బండి పక్కన. పైగా అందరం బిగుతు నిక్కర్లలో ఉన్నాం, ఆ వేషంలో స్వామి దగ్గరికి ఎట్లా పోతాం? బ్యాగులో ఒక పంచె పెట్టుకోమని ముందే చెప్పి ఉండొచ్చు. టెంపోలోని బ్యాగులు జనం అవతల చిక్కుకున్నాయి. సగం మంది అంగట్లో పంచెలు కొని, కోనేట్లో మునిగి, బసవన్నను చూసి వచ్చారు. మిగతావాళ్లు సైకిళ్లకు కాపలా.

వారంలో ఏడు రోజులుండగా కార్తీకంలో సోమవారం నాడు యాగంటిలో ఫినిష్ పెట్టినవాళ్లు రాయలసీమలో ఒక్క మనిషినైనా అడిగి ఉండరు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదంతా రాసిచ్చాను. సంక్రాంతి తర్వాత ఇంకో బ్యాచ్ పెడతామంటున్నారు. అప్పటికి వానలు పోయి రేగడి ఆరి ఉంటుంది కాబట్టి రెండో రోజు సగం కష్టం ఉండదు. పోదలచినవాళ్లు డబ్బు కట్టే ముందు ఫినిష్ ఏ వారమో కనుక్కోండి. టైరు వెడల్పు 45 మిల్లీమీటర్లకు తగ్గకుండా, పక్కగోడ మందంగా ఉన్నది వేసుకోండి. అద్దె సైకిళ్లకు 38వే ఉన్నాయి. నాపరాళ్ల మీద అవి చాలవు.