పెద్ద సంస్థ బ్రాంచా, కొత్త సంస్థా, ఉన్న చిన్న సంస్థా? జోరుగా పెరిగే ప్రాంతానికి ఏది మేలు?

ఒక ప్రాంతంలో జనం పదేళ్లలో రెట్టింపవుతారు. ఇళ్లు లేస్తాయి, రోడ్లు పడతాయి, కానీ ఆ జనానికి కష్టం వస్తే ఆదుకునే స్వచ్ఛంద సంస్థలు మాత్రం అంత తొందరగా పెరగవు. ఎవరికీ మనసు లేక కాదు. చాలా దేశాల్లో జనాభా లెక్కలు పదేళ్లకోసారి తీస్తారు, ప్రభుత్వ నిధులు చాలావరకు ఆ లెక్కల్ని బట్టే పంచుతారు, అంటే ఎనిమిదో ఏట వచ్చి స్థిరపడిన కుటుంబం నిధులు పంచేవాళ్ల లెక్కలో ఇంకా లేనట్టే. పెద్ద దాతలకేమో పాత నగరంలోని పాత సంస్థలతోనే అనుబంధం. పైగా అద్దెలు పెరిగి, వచ్చే జీతం చాలక ఫీల్డ్ స్టాఫ్ మానేస్తుంటారు.

ఇలాంటి చోట సాయం చేద్దామనుకునేవాళ్లు ఎక్కువగా మూడు దారుల్లో ఒకటి పట్టుకుంటారు.

మొదటిది, పేరున్న పెద్ద సంస్థతో అక్కడ బ్రాంచి పెట్టించడం. అకౌంట్లు, ఆడిట్, ట్రైనింగ్ అన్నీ సిద్ధంగా ఉంటాయి కాబట్టి పని త్వరగా మొదలవుతుంది. చిక్కల్లా నిర్ణయాలు హెడ్డాఫీసులో జరగడం. ఆ ప్రాంతపు మనుషుల్ని తెలుసుకునేసరికి బ్రాంచి మేనేజరుకు బదిలీ అవుతుంది, ప్రాజెక్టు డబ్బు అయిపోగానే బ్రాంచికి తాళం పడుతుంది. విస్తరణ బాగా చేసినవాళ్లు లేకపోలేదు. బంగ్లాదేశ్‌లో 1972లో మొదలైన బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ మనుషుల్ని పంపి, విరేచనాలైన పిల్లలకు ఉప్పు, బెల్లం కలిపిన నీళ్లు ఎలా పట్టాలో కోటికి పైగా ఇళ్లలో తల్లులకు నేర్పింది. ముందు కొద్ది ఊళ్లలో చేసి చూసి, లోపాలు దిద్దుకున్నారు. నేర్పినవాళ్ల జీతాన్ని కూడా తల్లులకు ఎంత గుర్తుందో చూసి లెక్కగట్టారు. అంత ఓపికతో వచ్చే బ్రాంచి అయితే నేనూ సరే అంటాను.

రెండోది కొత్త సంస్థ. పెట్టేవాళ్ల ఉత్సాహం నిజమైనదే, కానీ రిజిస్ట్రేషన్, బోర్డు, బ్యాంకు ఖాతా, ఆడిటరు, పన్ను మినహాయింపు అంటూ మొదటి ఒకటి రెండేళ్లు కాగితాలకే పోతాయి. ఈలోగా అదే పని చేసే ఇంకో రెండు సంస్థలు పుట్టి, ముగ్గురూ అదే నలుగురు దాతల గుమ్మం తొక్కుతారు. ఒక్క సందర్భంలో మాత్రం ఇదే సరైన దారి: వేరే భాష మాట్లాడే వలస కూలీల్లాంటివాళ్లు కొత్తగా వచ్చి, అప్పటికే ఉన్న సంస్థల్లో వాళ్లతో మాట్లాడగలిగినవాళ్లే లేనప్పుడు.

మూడోది, ఎప్పటినుంచో అక్కడ పనిచేస్తున్న చిన్న సంస్థను నిలబెట్టడం. నా ఓటు దీనికే. ఏ వీధిలో ఎవరు ఒంటరిగా ఉన్నారో, ఎవరు అడగడానికి మొహమాటపడతారో వాళ్లకు తెలుసు, ఆ నమ్మకం ఎంత డబ్బు పెట్టినా ఏడాదిలో రాదు. నేను వాలంటీరుగా వెళ్లిన ఒక చిన్న సంస్థలో ఫోన్ ఎత్తడం, లెక్కలు రాయడం, రిపోర్టులు పంపడం, సరుకులు దించడం అన్నీ ఒక్కావిడే చేసేది. సాయం కోసం వచ్చేవాళ్లు పెరిగారు, పుస్తకాలు కొనడానికి డబ్బిచ్చే దాతలూ పెరిగారు, కానీ రెండో మనిషికి జీతం ఇస్తామన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆవిడ ఆరోగ్యం పాడై నాలుగు నెలలు రాకపోతే పనంతా ఆగిపోయింది. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సంస్థ సామర్థ్యం అంటే ఇదే, ఆ రెండో మనిషి. ఆఫీసు ఖర్చు తక్కువుంటే మంచి సంస్థ అనే లెక్క ఎంత నష్టం చేస్తుందో చెబుతూ, 2013లో అమెరికాలో విరాళాల సంస్థల్ని మదింపు చేసే మూడు పెద్ద సంస్థలే దాతలకు బహిరంగ లేఖ రాశాయి. అమెరికాలోని పెద్ద దాతల్లో ఒకరైన మకెంజీ స్కాట్ 2020 నుంచి 2 వేలకు పైగా సంస్థలకు, దేనికి ఖర్చు పెట్టాలో షరతు పెట్టకుండానే డబ్బిచ్చారు. అంత పెద్ద మొత్తాలు మన దగ్గర ఉండవు, కానీ పద్ధతి మనమూ పాటించొచ్చు: ఫలానా వస్తువుకే అని కాకుండా, మూడేళ్లపాటు నెలనెలా ఇంత అని మాటిచ్చి ఇవ్వడం. ముందుగా తెలిసిన డబ్బుంటేనే ఎవరైనా మనిషిని ఉద్యోగంలో పెట్టుకోగలరు.

చిన్న సంస్థలన్నీ మంచివే అనడం లేదు. లెక్కలు చూపించమంటే దాటేసేవి, ఒక్క కుటుంబం చేతిలోనే నడిచేవి ఉంటాయి, వాటికి నేను ఇవ్వను. అసలు ఏ సంస్థా లేని చోట బ్రాంచే దిక్కు. అప్పుడు మాత్రం డబ్బిచ్చేముందు రెండు విషయాలు అడగండి: స్టాఫ్‌లో ఎంతమంది అక్కడివాళ్లు, హెడ్డాఫీసును అడగకుండా వాళ్లు ఎంత ఖర్చు పెట్టగలరు?