బీజీయ భిన్నాలు: ముందు విస్తరించడమా, కారణాంకాలుగా విడగొట్టడమా?

బీజీయ భిన్నాలు ఇంటిపనిగా వచ్చినప్పుడల్లా పిల్లలూ, వారి పక్కన కూర్చునే పెద్దలూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: లవహారాలను ముందుగా కారణాంకాలుగా విడగొట్టాలా, లేక బ్రాకెట్లన్నీ గుణించి విస్తరించుకొని ఆ తరువాత సూక్ష్మీకరించాలా? చలరాశిని ‘య’ అనుకొని రెండింటినీ పరిశీలిద్దాం.

విస్తరణలో ఆలోచించవలసినది తక్కువ, అందుకే పిల్లలు దానివైపు మొగ్గుతారు. కానీ (య² − 4)/(య² + య)ను (య + 1)/(య + 2)తో గుణించమన్న లెక్కను అలా చేస్తే పైన య³ + య² − 4య − 4, కింద య³ + 3య² + 2య వస్తాయి. వాటిలో ఏది కొట్టివేయాలో కంటికి కనిపించదు కనుక చివరికి ఆ ఘనబహుపదులనే విడగొట్టవలసి వస్తుంది. మొదటే విడగొట్టి ఉంటే (య + 1), (య + 2) రెండూ పోయి (య − 2)/య ఒక్క వరుసలో తేలేది.

శ్రమ తగ్గడం కన్నా నాకు ముఖ్యమని తోచేది మరొకటి ఉంది. కొట్టివేయదగినవి లవహారాల మొత్తానికి కారణాంకాలైనవి మాత్రమే. కూడికతోనో తీసివేతతోనో కలిసి ఉన్న పదాలను విడిగా కొట్టివేయకూడదు. (య² − 9)/(య² + 5య + 6)లో పైనా కిందా ఉన్న య²లను కొట్టేసి −9/(5య + 6) అని రాసిన నోటుపుస్తకాలను నేను ఎన్నోసార్లు దిద్దాను. య = 1 అనుకొని చూస్తే అసలు భిన్నం విలువ −8/12, అంటే −2/3; ఆ జవాబు విలువ −9/11. అదే భిన్నాన్ని (య − 3)(య + 3)/[(య + 2)(య + 3)] అని రాసుకున్న విద్యార్థికి ఈ పొరపాటు చేసే అవకాశమే ఉండదు. జవాబు (య − 3)/(య + 2) అయినా, య = −3 వద్ద అసలు భిన్నానికి విలువ లేదన్న షరతును కొట్టివేసిన (య + 3)ను చూసే రాసుకోవచ్చు.

కారణాంకాలు తట్టనప్పుడు యూక్లిడ్ భాగహార పద్ధతిలో, అంటే ఒకదానితో మరొకదాన్ని భాగించి, వచ్చిన శేషంతో మళ్లీ భాగిస్తూ పోయి, లవహారాల గ.సా.భా. కనుక్కోవచ్చు. పై భిన్నంలోనే హారం నుంచి లవాన్ని తీసివేస్తే 5య + 15, అంటే 5(య + 3) మిగులుతుంది; (య + 3) లవాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది కనుక అదే గ.సా.భా. పెద్ద బహుపదులకు ఇది మంచి సాధనమే గాని ఇంటిపనిలో దీని అవసరం అరుదు.

విస్తరణను పూర్తిగా మానుకోమని నేను చెప్పను. 1/(య² − 1) + 1/(య² + య) వంటి కూడికలో క.సా.గు. య(య − 1)(య + 1) అని తెలిశాక, లవాన్ని య + (య − 1) అని విప్పి 2య − 1గా కలుపుకోక తప్పదు. అలా కలిపిన లవం మళ్లీ విడిపోయి హారంలోని దేనితోనైనా కొట్టుకుపోతుందేమో చూడాలి కనుక, హారాన్ని మాత్రం చివరి వరకూ బ్రాకెట్లలోనే ఉంచండి.