నల్లరేగడిలో పొలం గదికి పైలు పునాది: మేస్త్రి పని ఎలా ఉందంటే

హాలియా దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద మా పొలం ఉంది. రాత్రిపూట నీళ్లు పెట్టుకునేటప్పుడు తల దాచుకోవడానికి, ఎరువుల బస్తాలు తడవకుండా ఉంచుకోవడానికి అక్కడ 12 అడుగులకు 14 అడుగుల గది కట్టించాను. నాలుగంగుళాల ఇటుక గోడలు, పైన రేకులు. గది మామూలుదే. దానికి పునాది వేసిన మిర్యాలగూడ వైపు మేస్త్రి పనితనం మాత్రం నల్లరేగడి ఉన్న ప్రతి రైతుకూ తెలియాలి.

మా నేల ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది. కాలువ నీళ్లు రాగానే ఉబ్బుతుంది. పైనున్న కట్టడమంతా ఒక్కతీరుగా లేచి దిగితే బాధ లేదు. ఒక మూల లేస్తుంది, ఇంకో మూల కదలదు, గోడ చీలుతుంది. పక్క పొలంలో పంపుషెడ్డుకు రాతి పునాది గట్టిగానే వేశారు. అయినా కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పారాయి, వానాకాలం వస్తే తలుపు పట్టేస్తుంది. చిన్న గదులకే ఈ బెడద ఎక్కువ. ఉబ్బే మట్టిని అణిచిపెట్టేంత బరువు వాటికి ఉండదు కదా.

ఈ మేస్త్రి వేసేది అడుగున ఉబ్బు ఉండే పైలు, అంటే లోతైన గుంతలో పోసే కాంక్రీటు స్తంభం. నల్లరేగడి నేలల కోసం ఈ పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది, భారత ప్రమాణం ఐ.ఎస్. 2911 మూడో భాగంలో దీని నియమాలున్నాయి. మాకు 10 అంగుళాల వెడల్పుతో, 12 అడుగుల లోతున ఆరు గుంతలు తీశారు. అంత లోతున తేమ ఏడాది పొడవునా పెద్దగా మారదు కాబట్టి మట్టి కదలిక కూడా ఉండదు. గుంత అడుగు భాగాన్ని దాదాపు రెండున్నర రెట్లు, అంటే 25 అంగుళాల వరకు వెడల్పు చేస్తారు. ఆ ఉబ్బు గది బరువును మోస్తుంది, పై మట్టి ఉబ్బి లాగినా పైలును లేవనివ్వదు.

ఆ వెడల్పు చేసే పనిముట్టును దగ్గర నిలబడి చూశాను. పొడుగాటి ఇనుప గొట్టం చివర మడిచిన గొడుగులాగా రెండు రెక్కలు, కింద ఓ బక్కెట్టు. పైనుంచి నొక్కుతూ తిప్పితే రెక్కలు విచ్చుకుని చుట్టూ మట్టిని గీకుతాయి, గీకిన మట్టి బక్కెట్టులో పడుతుంది. పైకి లాగితే రెక్కలు ముడుచుకుంటాయి. మనుషులే తిప్పుతారు, మోటారు లేదు. గీకడం అయ్యాక మేస్త్రి కొసను అడ్డంగా వంచిన కడ్డీని గుంతలోకి దించి చుట్టూ తిప్పాడు. ఎక్కడా తగలకుండా తిరిగితే ఉబ్బు పూర్తిగా తెగినట్టు. నాలుగో గుంతలో ఒక పక్క కడ్డీ ఆగింది. ఎవరూ అడగలేదు, ఎవరికీ కనిపించేది కాదు, కూలీలు అప్పటికే భోజనానికి చేతులు కడుక్కుంటున్నారు. మళ్లీ పనిముట్టు దింపించి ఆ పక్క గీకించి, కడ్డీ తిప్పి చూసుకున్నాకే వాళ్లను తినమన్నాడు. ఈ ఒక్క పనికే నేను అతనికి పూర్తి మార్కులు వేస్తాను.

ఏ రోజు తీసిన గుంతలో ఆ రోజే కాంక్రీటు పోశారు. ఒక్కో పైలుకు సిమెంటు రెండు బస్తాలకు అటూ ఇటూగా పట్టింది. ఇనుము నాలుగు 12 ఎం.ఎం. కడ్డీలు, 6 ఎం.ఎం. రింగులు. పైలు తలలను కలుపుతూ బీము వేసేటప్పుడు కింద 3 అంగుళాల ఇసుక పరిచి దానిమీద పోశారు, బీము గట్టిపడ్డాక ఆ ఇసుకంతా తోడేశారు. ఇప్పుడు బీముకూ నేలకూ మధ్య ఖాళీ ఉంది. మట్టి ఉబ్బినా అందులోకే ఉబ్బుతుంది, బీమును తాకదు. ఖాళీలోకి మట్టి, ఎలుకలు చేరకుండా బయటివైపు షాబాదు బండ ముక్కలు నిలబెట్టారు. ఈ ఖాళీ వదలకపోతే పైళ్లకు పెట్టిన డబ్బంతా దండగే.

లోపాలూ చెప్పాలి. ఇనుము గుంత మట్టికి తగలకుండా ఎడం ఉంచే కవరు బ్లాకులు తేలేదు, కంకర ముక్కలు పెట్టి కానిచ్చేయబోయారు. నేను ఒప్పుకోనంటే సిమెంటు బిళ్లలు పోసుకుని, అవి ఆరాకే ఇనుము దింపారు. రెండోది, గది లోపలి నేల తమ పని కాదని బీము అయిపోయాక గానీ చెప్పలేదు. నల్లమట్టి మీదే గచ్చు వేస్తే అది లేచి పగలడం ఖాయం. బీముకు లోపలివైపు కూడా బండ ముక్కలు నిలబెట్టించి, 2 అడుగుల నల్లమట్టి తీయించి, ఎర్ర మొరం పొరలుగా పోయించి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించాను. గచ్చును బీముకు అంటకుండా విడిగా వేయించాను. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. బీముకు నీళ్లు పట్టడం కూడా మన బాధ్యతే. ఎండలు మండే రోజులు కాబట్టి తడి గోనెసంచులు కప్పి రెండు వారాలు ఆరనివ్వలేదు.

కూలి మామూలు ఫుటింగు (తక్కువ లోతులో వెడల్పాటి అడుగుతో వేసే పునాది) మేస్త్రి అడిగినదానికన్నా ఎక్కువే. తవ్వకం, సిమెంటు, ఇనుము తగ్గడంతో మొత్తం ఖర్చులో పెద్ద తేడా రాలేదు. వానలు పోయి, కాలువ నీళ్లు పారి, పొలం మళ్లీ ఎండి నెర్రెలిచ్చింది. గోడల మీద సన్నని గీత కూడా లేదు.

దేవరకొండ వైపు చల్క భూమి (ఎర్ర ఇసుక నేల) ఉన్న మా తోడల్లుడు ఇదే మేస్త్రిని పిలిపించుకున్నాడు. గునపంతో తవ్వించి చూస్తే మూడడుగుల్లోనే గట్టి మొరం తగిలింది. "మీకు ఈ ఖర్చు ఎందుకు సారూ, మామూలు ఫుటింగు చాలు" అని చెప్పి, దారి ఖర్చులు మాత్రం తీసుకుని వెళ్లిపోయాడట. నల్లరేగడి వాళ్లయితే సంక్రాంతి దాటగానే మాట్లాడుకోండి. గుంతలో నీరు ఊరితే అడుగున ఉబ్బు నిలవదని వానలు మొదలయ్యాక అతను పని ఒప్పుకోడు.