రొయ్యల గుంట కాడ ఇంకు పెన్ను: ఏడేళ్ల వాడకం

మా గుంటల రిజిస్టర్లో ఒక పేజీని చింపకుండా అట్టే పెట్టాను. పైన తారీఖు ఒక్కటే మిగిలింది, కిందంతా నీలం మరక. ఒక తెల్లారుజామున చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తి చూసి, తడి చేత్తోనే పేజీ తిప్పాను. ఆ రాత్రి ఆక్సిజన్ ఎంత పడిందో, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లలో ఏది ఎంతసేపు ఆగిందో అంతా నీళ్లపాలు. సిరా తప్పేం లేదు. రాయల్ బ్లూ చాలావరకు ఉతికితే పోయే రంగే. బడిపిల్లల చొక్కాలకి మంచిది, రొయ్యల గుంటకి కాదు.

"పది రూపాయల బాల్‌పెన్ను తెచ్చుకోరాదా అన్నా?" అన్నాడు గుంట కాడి కుర్రోడు. వాడన్నదీ నిజమే. కానీ చిన్నప్పట్నుంచీ ఇంకు పెన్నుకి అలవాటైన చెయ్యి, నొక్కి రాయమంటే మొరాయిస్తుంది. ఏ పెన్నులో ఏ సిరా పోస్తే ఏమవుతుందన్న యావ అప్పుడు పట్టుకుంది నన్ను. అల్లూరు పక్కన గుంటలు, నెల్లూర్లో కాపురం, రోజూ బండి మీద రానూ పోనూ. నా పెన్నులు ఉద్యోగం చేసేది ఈ ఎండలో, ఈ ఉప్పుగాలిలో. ఏసీ గదుల్లో కూర్చుని రాసుకునేవాళ్లకి నా లెక్కలు సరిపడకపోవచ్చు.

ముందు రాజమండ్రి ఎబొనైట్ పెన్ను సంగతి. లేత్ మీద తిప్పి చేసింది, నల్లది, బొటనవేలంత లావు. రబ్బరులో గంధకం బాగా దట్టించి ఉడికిస్తే వచ్చే గట్టి సరుకు ఎబొనైట్. అందుకే మూత తీయగానే సైకిల్ షాపు వాసన కొడుతుంది. నాకా వాసన ఇష్టం, మా ఆవిడకి కాదు. లోపల ట్యూబూ గీబూ ఏమీ ఉండదు, డ్రాపర్‌తో నేరుగా పొట్టలోకే సిరా పోయాలి. ఒకసారి పోస్తే నాకు మూడు వారాలు. చెమట చేతిలో కూడా జారదు. ప్లాస్టిక్ పెన్ను పట్టుకుంటే ఈ సుఖం లేదు.

నిండుగా ఉన్నంతవరకే దాని బుద్ధి. సిరా మూడో వంతుకి దిగిందంటే పొట్టంతా గాలే. రోహిణీ కార్తెలో జేబులో పెట్టుకుని బయల్దేరితే ఆ గాలి వేడెక్కి, ఉబ్బి, సిరాని పాళీలోకి నెడుతుంది. అల్లూరు పోయి మూత తీసేసరికి మూతలోనే చెంచాడు సిరా. డ్రాపర్ పెన్నులన్నిటికీ ఉన్న జబ్బే ఇది, దీనికే ప్రత్యేకం కాదు. మూడు తెల్ల చొక్కాలు పోయాక నేర్చుకున్నాను. సగం కాగానే నింపేయాలి. జేబులో పాళీ పైకే ఉండాలి. మరలకి సిలికాన్ గ్రీజు వేలికొసంత రాయాలి. ఇంకోటి, దాన్ని వేడినీళ్లతో కడక్కూడదు, నలుపు పోయి గోధుమరంగు తిరుగుతుంది. ఎండ తగిలినా అంతే. నాది ఒక పక్కంతా ఇప్పుడు బెల్లప్పాకం రంగు.

పైగా అది ధారాళంగా కారే పెన్ను. మొదట్లో సరదా కొద్దీ పైలట్ అనే జపాన్ కంపెనీ వాళ్ల ఇరోషిజుకు కోన్‌పెకి అనే సిరా పోశాను. అందమైన నీలం. అక్షరం మొదట్లో లేతగా, చివర సిరా నిలిచిన చోట ముదురుగా ఉంటుంది. కానీ ఆ సిరాకి కూడా పారే గుణమే ఎక్కువ. ఇద్దరు తొందరగాళ్లు ఒక్క ఇంట్లో చేరినట్టయింది. ఒత్తులన్నీ ముద్ద. ఇసక నేలకీ రేగడి నేలకీ ఒకే తడి పెట్టం కదా! ఆ పెన్నులో పెలికన్ కంపెనీ 4001 నీలం సిరా పోశాక దారిలో పడింది. అది కాస్త బిర్రుగా నడిచే సిరా. కోన్‌పెకిని తీసుకెళ్లి, పొడిపొడిగా రాసే ఇంకో పెన్నులో పోశాను. మూలపడ్డ పెన్ను కాస్తా ఇంట్లో ఉత్తరాల పెన్నయింది.

పాళీ లావు దగ్గర ఇంకా పెద్ద దెబ్బ తిన్నాను. ఇంగ్లీషులో చదివిన సమీక్షలన్నీ మీడియం మేలన్నాయి. వాళ్లు రాసేది వాళ్ల అక్షరాలు. మనకి తలకట్టు, కింద ఒత్తు, ఆ ఒత్తుకి ఇంకో ఒత్తు. "రాష్ట్రం" అని ఒక్కసారి మీడియం పాళీతో రాసి చూడండి, "ష"కి కడుపు పూడుకుపోతుంది. నేను ఆ పాళీతోనే రిజిస్టర్లో మేత 33 కిలోలని రాశాను. చవకరకం కాగితం, సిరా పీల్చుకుని అంచులు పాకాయి. రెండో 3 కాస్తా 8 అయింది. కుర్రోడు 38 కిలోలు చల్లాడు. మర్నాడు చెక్ ట్రేలో మేత మిగిలిపోయింది, నీళ్లలో అమోనియా పెరుగుతుందేమోనని రెండ్రోజులు నాకు కంటిమీద కునుకు లేదు. జపాన్ ఫైన్ పాళీ మన మార్కెట్లో దొరికే యూరప్ ఫైన్ కంటే సన్నగా రాస్తుంది. తెలుగుకీ, అంకెలకీ అదే సుఖం.

ఇప్పుడు గుంట కాడ ఉండేది ప్లాటినం కంపెనీ ప్రెప్పీ పెన్ను, 03 అనే సన్న పాళీ. చూడ్డానికి ఆటబొమ్మలా ఉంటుంది, రాస్తే కొద్దిగా గీరుతుంది కూడా. అయినా దాన్నే ఎందుకు పెట్టానంటే, మూతలో స్ప్రింగుతో బిగిసే లోపలి మూత ఒకటుంది. గాలి ఆడనివ్వదు. మే నెలలో రొయ్యల పట్టుబడి అయిపోయి రెండు వారాలు గుంటల మొహం చూడకపోయినా, తీయగానే రాసింది. మిగతా పెన్నులకి ఆ ఎండలో మూడ్రోజులకే పాళీ ఎండిపోతుంది.

అందులో పోసేది ప్లాటినం వాళ్లదే బ్లూ బ్లాక్. రాసినప్పుడు నీలం, ఆరేకొద్దీ నలుపు. సిరాలో ఉన్న ఇనుముకి గాలి తగిలి నల్లబడుతుంది. మన పాతకాలం కరక్కాయ, అన్నభేది (ఇనుప ఉప్పు) సిరాకి వరసకి తమ్ముడు. శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్లు తుప్పు ఇనుమునీ బెల్లాన్నీ పులియబెట్టి, కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తే గీత నల్లబడేదీ ఈ కిటుకుతోనే. పరీక్షకని ఒక పేజీని గుంట నీళ్లలో ముంచి ఆరబెట్టాను. పైనున్న నీలం కొట్టుకుపోయింది, కింద బూడిదరంగు అక్షరాలు అలాగే ఉన్నాయి, అంకెలతో సహా. చిక్కేమిటంటే దీన్లో ఆమ్లగుణం ఉంటుంది. నెలకోసారి కడక్కపోతే స్టీలు పాళీని తినేయొచ్చు. నీళ్లకి అసలు చెదరని, సన్న రంగుపొడి కలిపిన పిగ్మెంట్ సిరాలున్నాయి కానీ, ఒక వేసవిలో అలాంటి దాన్ని పెన్నులో మరిచిపోయి పాళీ కింద సిరా అందించే నాలుకలో గట్టిపడితే పెన్నే పారేయాల్సి వచ్చింది. మళ్లీ జోలికి పోలేదు.

బూజు సంగతి ఎవరూ చెప్పరు. వానాకాలం ఒక సీసా మూత తీస్తే పైన మీగడలా తేలింది. డ్రాపర్ తడితోనే ముంచడం నా నిర్వాకం కూడా అయ్యుండొచ్చు. సీసాతో పాటు డ్రాపర్నీ పారేశాను. అదే చుక్క ఇంకో సీసాలో పడితే దానికీ అంటుకుంటుంది.

నెల్లూరు ట్రంకురోడ్డు షాపుల్లో నాకు దొరికేది నీలం, నలుపు, ఎరుపు. మిగతావి కొరియర్లో రావాల్సిందే. ఆదివారం పొద్దున పెన్నులన్నీ విప్పి స్టీలు గ్లాసులో నానబెడతాను, నీళ్లు తెల్లగా వచ్చేదాకా మారుస్తూ. మొన్న ఆ గ్లాసులోనే మా ఆవిడ కాఫీ కలిపి, అంచున నీలంగీత చూసి, సింకులో ఒంపేసింది. అప్పట్నుంచి గ్లాసు మీద గోరంత సందు లేకుండా రాసుంది, "సిరాది". బాల్‌పెన్నుతో.