పప్పు ఏరడంలో వంక లేదు, పక్కన చింతపండే చిక్కు

అనంతపురం శివారులో బుడ్డలు (వేరుశనగ కాయలు) కొట్టి, పప్పు ఏరి, కంటైనర్ నింపి, ఎగుమతి కాగితాలతో సహా చేసిచ్చే యూనిట్ ఇది. ఐదుకు మూడు మార్కులు.

బుడ్డల్ని పొడిగానే కొడతారు, అందుకే ఆ మూడు. పప్పు బద్దలు కాకుండా కాయల మీద నీళ్లు చల్లి కొట్టడం మన వైపు మిల్లుల్లో పాత అలవాటు. ఆ తేమతోనే సంచికెక్కితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఇక్కడ బద్ద కాస్త ఎక్కువే పడుతుంది, అది నూనె మిల్లుకు పోతుంది. తేమ 7 శాతం దాటితే సంచి కుట్టరు. రంగును బట్టి గింజల్ని వేరుచేసే కలర్ సార్టర్ యంత్రం దాటొచ్చిన ముడత గింజల్ని బెల్టు దగ్గర ఆడవాళ్లు పట్టేస్తారు.

శాంపిల్ దగ్గరే పిసినారితనం. నాలుగు సంచుల్లో గొట్టం పొడిచి రెండు కిలోలు ల్యాబుకు పంపుతారు. యూరప్‌లో 15 టన్నులు దాటిన లాట్‌కు 100 చోట్ల తీసి, 20 కిలోలు కలుపుతారు. విషం అన్ని గింజల్లో సమంగా ఉండదు మరి. నేరుగా తినే పప్పుకు అక్కడి పరిమితి అఫ్లాటాక్సిన్లలో అన్నిటికన్నా విషమైన బీ1 రకానికి 2 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో రెండు), అన్ని రకాలూ కలిపి 4. ఇక్కడ పాసైన సరుకు అక్కడ తప్పితే ఆశ్చర్యమేముంది?

అసలు తప్పు గోదాములో ఉంది. బుడ్డల సంచుల్ని ఆనుకునే చింతపండు బస్తాలు. చింతకాయను తొలిచే పెంకు పురుగు బుడ్డనూ వదలదు. కాయ మీద గుడ్డు అతికిస్తుంది, పిల్ల లోపలికి తొలిచి గింజ తింటుంది, తర్వాత కాగితంలాంటి గూడు కడుతుంది. కాయకు గుండ్రటి బెజ్జం కనిపించిందంటే పురుగు అప్పటికే తిరుగుతున్నట్టు. 2015 ఏప్రిల్‌లో వియత్నాం మన వేరుశనగను ఆపేసింది ఇలాంటి నిల్వ పురుగుల వల్లే. 2016 జనవరిలో గానీ వదల్లేదు. వియత్నాం ఉన్న ఆసియాన్ కూటమితో మన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అప్పటికి అమల్లోనే ఉంది. ఒప్పందం సుంకం తగ్గిస్తుంది గానీ పురుగుకు దారివ్వదు. శాస్త్రీయ ఆధారం ఉంటే సరుకు ఆపే హక్కు 1995 నాటి డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఎస్పీఎస్ ఒప్పందంతోనే, అంటే ఆహార భద్రత, మొక్కల ఆరోగ్యం గురించిన ఒప్పందంతోనే, ప్రతి దేశానికీ ఉంది. ఈ యూనిట్ వాళ్లు సుంకం రాయితీ కోసం, సరుకు మన దేశానిదేనని చూపే ‘ఏఐ’ ఫారం మాత్రం ఒక్క తప్పు లేకుండా నింపుతారు!

ఫ్యూమిగేషన్‌లోనూ (విషవాయువుతో పురుగును చంపడం) తొందరే. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టి, టార్పాలిన్ అంచుల మీద ఇటుకలు పేర్చారు. సందుల్లోంచి గ్యాసు పోతుంది. ఇసుక నింపిన పొడుగు సంచులు వరసగా పరవాలి. మూడో రోజే కవర్ తీస్తే గుడ్లు, గూడులోని పురుగులు బతికే ఉంటాయి. 5 నుంచి 7 రోజులు ఉంచమని ముందే రాయించుకోండి.

కొట్టించడానికీ, ఏరించడానికీ వెళ్లొచ్చు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, చింతపండు దిగే రోజుల్లో, సరుకు మాత్రం అక్కడ నిల్వ పెట్టకండి.