1966 మస్టాంగ్‌కి థర్మాక్టర్ ఉండేదా? ఏడేళ్ళు వాడాక నా మాట

నాది 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపే, 289 వీ8 ఇంజన్. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో కొన్నప్పుడు బానెట్ కింద అద్దంలా ఉంది. "దీనికి పొగ సామాను ఎప్పుడూ లేదండీ" అన్నాడు అమ్మినాయన. అబద్ధమాడాడని అనను, ఆయన చేతికి వచ్చేసరికే అలా ఉండుంటుంది.

కాలిఫోర్నియాలో అమ్మే కొత్త కార్లకి పొగ తగ్గించే ఏర్పాటు 1966 మోడల్ నుంచే ఉండాలన్నారు. మిగతా రాష్ట్రాలకి అది 1968లో వచ్చింది. ఫోర్డ్ పెట్టిన పంపు పేరు థర్మాక్టర్. బెల్టుతో తిరుగుతూ ఎగ్జాస్ట్ పోర్టుల్లోకి, అంటే ఇంజన్‌లోంచి పొగ బయటికొచ్చే దారుల్లోకి, గాలి కొడుతుంది, కాలకుండా మిగిలిన పెట్రోలు అక్కడే కాలిపోతుంది. ఇంజన్ బలం తినేస్తోందని చాలామంది పీకి పారేశారు.

మొదట నేను వీఐఎన్‌లో, అంటే బండి గుర్తింపు నంబరులో, "ఆర్" అక్షరం చూసి మురిసిపోయా. అంటే శాన్‌హోసే ఫ్యాక్టరీ. అసలు ఆ ఫ్యాక్టరీ ఉన్నది మిల్పిటాస్‌లో, ఇప్పుడది గ్రేట్ మాల్, మా పండగ షాపింగంతా అక్కడే. కానీ ఆ అక్షరంతో ఏమీ తేలదు. అక్కడ తయారైన బళ్ళు సియాటిల్ వైపూ వెళ్ళాయి. చూడాల్సింది డ్రైవర్ డోర్ మీది పలకలో డీఎస్ఓ అంకె, అంటే బండిని ఆర్డర్ చేసిన అమ్మకాల జిల్లా కోడు: 71 అయితే లాస్ ఏంజెలస్, 72 శాన్‌హోసే, 74 సియాటిల్. నాది 72. అయితే ఇలాంటి పలకలు కొత్తగా కొట్టించి కూడా అమ్ముతారు. ఫోర్డ్ రికార్డుల్లోంచి ఇచ్చే మార్టీ రిపోర్టు 1967 బళ్ళ నుంచే దొరుకుతుంది, మనకి అదీ లేదు.

ఇక ఇనుమునే అడగాలి. ఓ శనివారం సాయంత్రం వైరు బ్రష్‌తో సిలిండర్ హెడ్ల (ఇంజన్ పై మూతల) మీద జిడ్డు గీకడం మొదలుపెట్టా, మా ఆవిడ టార్చి పట్టుకుంది. ఎగ్జాస్ట్ పోర్టు పైన మరచుట్లున్న బెజ్జం, దాన్లో బిగించిన బిరడా. పక్కన ఇంకోటి. అటు నాలుగు, ఇటు నాలుగు. పంపు గాలి గొట్టాలు దూరేది వీటిలోకే. వాల్వ్ కవర్ తీస్తే హెడ్ పోత తేదీ 1966 మార్చి, డోర్ పలక మీద బండి తేదీ ఏప్రిల్. లెక్క కుదిరింది, హెడ్లు ఈ బండివే.

1975 దాకా వచ్చిన మోడళ్ళకి ఇక్కడ స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) లేదు, కాబట్టి ఆ తర్వాత చేసిందంతా కొని తెచ్చుకున్న తద్దినమే. సామాను పోగెయ్యడానికి రెండేళ్ళు పట్టింది. ఒకాయన తర్వాతి ఏడాది పంపు అంటగట్టాడు, బ్రాకెట్‌కి కూర్చోలేదు. బిగించాక బలం తగ్గినట్టు నాకైతే అనిపించలేదు. సన్నగా ఓ ఊళ వినిపిస్తుంది, గరాజ్‌లో పెట్రోలు కంపు తగ్గింది. పొగ పంపు వైపు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వులు మాత్రం ప్రాణం తీస్తాయి. ఒకటి పాడై వేడి పొగ వెనక్కి తన్ని రబ్బరు గొట్టాన్ని బొగ్గు చేసింది. ఇంకోసారి హైవే 17 కొండదారి దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో దీపావళి బాంబులా పేలింది. బ్యాక్‌ఫైర్ ఆపే వాల్వు ఇరుక్కుపోయింది.

మా స్నేహితుడి దగ్గరా 66 మస్టాంగే, దానికీ "ఆర్" ఉంది. ఎవరో చెప్పారని ముందే పంపు కొనేశాడు. నేను వెళ్ళి చూస్తే డీఎస్ఓ 74, హెడ్లకి ఒక్క బెజ్జం లేదు. ఆ పంపు ఇప్పుడు నా షెల్ఫు మీద స్పేరుగా కూర్చుంది.